క్వయర్ పాటకు వేగం, శ్రుతి, భావం కుదుర్చుకోవడం ఎలా?

పాట కాగితం మీద వేగం గురించి ఉన్నది ఒకే ఒక్క మాట: అదాజియో. నింపాదిగా అని అర్థం. ఎంత నింపాదిగా? మా బృందంలో ఇరవై రెండు మంది ఉన్నారు, ఈ ప్రశ్నకు జవాబులూ దాదాపు అన్నే. సొప్రానోలకు, అంటే పై స్థాయిలో పాడే ఆడవాళ్లకు, పాట చకచకా సాగాలి, పై స్వరాల మీద వాళ్లకు ఊపిరి చాలదు. బేస్ వరుసలో, అంటే అన్నిటికన్నా కింది గొంతుల్లో ఉన్న బాబాయిలకు ఎంత సాగదీస్తే అంత భక్తి. కీబోర్డు వాయించే కుర్రాడు యూట్యూబులో తాను విన్న వేగమే ప్రమాణమంటాడు.

విశాఖపట్నం పాతనగరంలో ఒక చిన్న సంఘంలో పదమూడేళ్లుగా క్వయర్ నడుపుతున్నాను. సంగీత కళాశాల మెట్లు ఎక్కినవాణ్ని కాను. చేసిన పొరపాట్లే నాకు పాఠాలు. వాటిలో తేలిందేమిటంటే, వేగం, శ్రుతి, భావం అనే మూడింటికీ మూలం ఊపిరి. పాడేవాళ్లు ఏ వాక్యాన్ని ఎక్కడ ఎత్తుకుని ఎక్కడిదాకా తెగకుండా మోయగలరో ముందు తెలుసుకుంటే, మిగతా నిర్ణయాలు సగం వాటంతట అవే జరిగిపోతాయి.

ఉదాహరణకు ఒకే పాటను పట్టుకుని వెళతాను: ఆస్ట్రియా సంగీతకర్త మోత్సార్ట్ కూర్చిన లాటిన్ పాట ‘ఆవే వేరుమ్ కోర్పుస్’. నాలుగు గొంతులు (ఆడవాళ్లలో పైది సొప్రానో, కిందిది ఆల్టో, మగవాళ్లలో పైది టెనార్, కిందిది బేస్), తంత్రీ వాద్యాలు, ఆర్గన్ కోసం రాసినది. మన దగ్గర వయొలిన్లు దొరకవు కాబట్టి కీబోర్డుతో సరిపెట్టుకుంటాం. మొత్తం 46 బార్లే, అంటే తాళంలో ఆవర్తనాల్లాంటి గడులే. చిన్నది కదా అని చాలా బృందాలు దీంతో మొదలుపెడతాయి, చిన్నదైనా ఎంత కష్టమో ఆ తర్వాత తెలుస్తుంది.

మొదటి అడుగు: స్వరాలు మూసి, మాటలు తెరవండి

మొదటి రిహార్సల్‌లో నేను కీబోర్డు స్విచ్చి వేయను. అందరి చేతా మాటలు చదివిస్తాను. ముందు అర్థం చెప్పాలి. కన్య మరియ నుంచి పుట్టిన నిజమైన శరీరమా, నీకు వందనం. మనిషి కోసం సిలువ మీద నిజంగా బాధపడి బలి అయ్యావు. పొడిచిన నీ పక్కలోనుంచి నీరూ రక్తమూ పారాయి. మరణమనే పరీక్షవేళ మేము ముందుగా రుచి చూసే ఆహారం నీవే కావాలి. సారాంశం ఇంతే.

సిలువ, రక్తం, మరణం అనే మాటలు చెవిన పడగానే మనవాళ్ల ముఖాలు గుడ్ ఫ్రైడే ముఖాలైపోతాయి. ఇక్కడే ఆపాలి. మోత్సార్ట్ దీన్ని 1791 జూన్ 17న, వియన్నా దగ్గరి బాడెన్‌లో క్వయర్ నడిపే తన స్నేహితుడు ఆంటన్ ష్టోల్ కోసం రాశాడు. సందర్భం దివ్య సత్ప్రసాద పండుగ. ఆ ఏడాది ఆ పండుగ జూన్ 23న వచ్చింది. బాడెన్‌లాంటి చిన్న ఊరి క్వయర్ కోసం, పండుగ ముందు రాసిన పాట ఇది. చావు ఇంట్లో పాడే పాట కాదు. మాటల్లోనూ మొదటిది ‘వందనం’. ఆరు నెలలు తిరగకముందే మోత్సార్ట్ చనిపోయాడన్నది నిజమే. ఆ విషయం రిహార్సల్‌లో చెబితే మాత్రం పాట వేగం అయిదు అంకెలు పడిపోతుంది, నేను చూశాను.

తర్వాత ఉచ్చారణ. రోమన్ అక్షరాల్లో ఉన్న లాటిన్‌ను మనవాళ్లు ఇంగ్లీషు చదివినట్టే చదువుతారు: నాటమ్, వర్జిన్ అని. అందుకే తెలుగు లిపిలో రాసి ఇవ్వండి: ఆవే వేరుమ్ కోర్పుస్, నాతుమ్ దే మరీయా వీర్జినే. త, ట తేడా మన లిపిలో ఉన్నంత శుభ్రంగా రోమన్ లిపిలో లేదు. ‘సిలువ మీద’ అనే చోట రోమ్ పద్ధతిలో ‘ఇన్ క్రూచే’ అంటారు, మోత్సార్ట్ ఊరి పద్ధతిలో అది ‘ఇన్ క్రూత్సే’. ఏది ఎంచుకున్నా అందరూ అదే పలకాలి.

మనది అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే నాలుక ఊరుకోదు. ‘వేరుము’, ‘కోర్పుసు’ అని ఒక చిన్న ఉకారం వచ్చి కూర్చుంటుంది. నలుగురు నాలుగు వేళల్లో ఆ ‘సు’ పలికితే పాము బుసకొట్టినట్టుంటుంది. అచ్చును చివరిదాకా సాగనిచ్చి, నా చేయి మూసుకున్నప్పుడే హల్లు పలకమంటాను. మకారంతో మరో చిక్కు: దాని మీద ముందుగానే పెదవులు మూసేస్తే పాట అంతా ముక్కులోంచి వస్తుంది.

ఇప్పుడు అందరూ కలిసి, ప్రార్థన చదివినట్టు, గొంతు పెంచకుండా చదవండి. ఎక్కడ సహజంగా ఊపిరి తీసుకుంటున్నారో పెన్సిలుతో గీత పెట్టండి. ఈ గీతలే మీ మొదటి వేగపు కొలత.

రెండో అడుగు: మెట్రోనోమ్ లెక్క

ముద్రిత ప్రతుల్లో పైన, నిమిషానికి ఇన్ని దెబ్బలు అని, ఒక అంకె కనిపించవచ్చు. దానికి తలవంచనక్కరలేదు. టిక్కుటిక్కుమంటూ వేగం చూపే యంత్రం మెట్రోనోమ్, దానికి మెల్‌ట్‌సెల్ అనే ఆయన పేటెంటు తీసుకున్నది 1815లో. 1791 నాటి పాట మీద ఉన్న ఏ అంకె అయినా తర్వాతి సంపాదకుడు వేసినదే.

లెక్క తేలిక. 46 బార్లు, బారుకు నాలుగు దెబ్బలు, మొత్తం 184 దెబ్బలు. నిమిషానికి ఎన్ని దెబ్బలు అనుకుంటే దానితో భాగించండి. 44 అయితే పాట నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు పడుతుంది. 56 అయితే మూడు నిమిషాల పదిహేడు సెకన్లు. 66 అయితే రెండు నిమిషాల నలభై ఏడు. ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి పాడించి చూడండి. 44 దగ్గర మా ఆల్టోలు ప్రతి మాటకూ ఊపిరి తీసుకున్నారు. 66 దగ్గర పాట పెళ్లి ఊరేగింపులా నడిచింది. మాకు 58 దగ్గర కుదిరింది. మీకు 54 కావచ్చు, 62 కావచ్చు.

ఇంకో కిటుకు. ఈ పాటను నాలుగు దెబ్బలుగా కాకుండా బారుకు రెండు పెద్ద దెబ్బలుగా చేతితో చూపండి. గడియారపు వేగం మారదు, అయినా పాట ముందుకు ఒరుగుతుంది. నాలుగు దెబ్బలు వేస్తే ప్రతి అక్షరం కింద ఒక మేకు కొట్టినట్టుంటుంది. మెట్రోనోమ్‌ను వేగం వెతుక్కునేటప్పుడు మాత్రమే వాడండి, పాడేటప్పుడు ఆపేయండి. ఫోనులోంచి టిక్కుటిక్కులు వస్తుంటే ఎవరూ ఒకరినొకరు వినరు.

మూడో అడుగు: అందరికన్నా బలహీనమైన ఊపిరి

అంకె కుదిరిందనుకున్నాక పరీక్ష పెట్టండి. పాటలో అతి పొడవైన వాక్యం ఏదో చూడండి. నాలుగు బార్ల వాక్యమైతే పదహారు దెబ్బలు. నిమిషానికి 60 చొప్పున పదహారు సెకన్లు, 48 చొప్పున ఇరవై సెకన్లు. మెల్లగా పాడటానికి గట్టిగా పాడటం కన్నా ఎక్కువ పట్టు కావాలి. శిక్షణ లేని గొంతుకు పది పన్నెండు సెకన్లు దాటితే చివరి అక్షరం వణుకుతుంది.

మా టెనార్లలో ఇద్దరు ఉక్కు కర్మాగారం ఉద్యోగులు. సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ) ఉన్న వారం ఉదయం ఆరింటికి దిగి, నేరుగా ఆరాధనకు వస్తారు. బేస్‌లో ఒకాయన పోర్టులో పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దాయన, ఆయాసం ఉంది. రిహార్సల్‌లో శనివారం సాయంత్రం అద్భుతంగా పాడే ఇదే బృందం ఆదివారం ఉదయం వేరే బృందం. వేగాన్ని శనివారం గొంతులతో నిర్ణయించి నేను చాలాసార్లు భంగపడ్డాను.

దీనికి మందు, వంతుల ఊపిరి. పక్కపక్కన ఉన్న ఇద్దరు ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు. ఎవరు ఎక్కడ తీసుకోవాలో పేరుపేరునా రాసి ఇవ్వండి, ‘ఎక్కడో ఒకచోట తీసుకోండి’ అంటే అందరూ కామా దగ్గరే తీసుకుంటారు. మాట మధ్యలో ఆగినవాళ్లు తిరిగి కలిసేటప్పుడు ఇంకా తక్కువ గొంతుతో కలవాలి. ఇది కుదరడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఇంత చేసినా వాక్యం తెగుతుంటే వేగాన్ని రెండు మూడు అంకెలు పెంచండి. అందులో చిన్నతనమేమీ లేదు.

నాలుగో అడుగు: గోడలు ఏమంటున్నాయి

హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి. ధ్వని పూర్తిగా అణగేదాకా లెక్కపెట్టండి. రాతి గోడలు, ఎత్తైన కప్పు ఉన్న పాత చర్చిలో రెండు సెకన్లకు పైగా మోగవచ్చు. అలాంటి చోట వేగం తగ్గించాలి, లేకపోతే ఒక స్వరం మీద మరొకటి పడి గంజిలా కలిసిపోతాయి. రేకుల కప్పు, తక్కువ ఎత్తు ఉన్న హాలులో ధ్వని వెంటనే చస్తుంది. అక్కడ నింపాదిగా పాడితే వాక్యాల మధ్య గోతులు తేలతాయి, కాస్త నడిపించాలి.

ఖాళీ హాలు వేరు, నిండిన హాలు వేరు. జనం, బట్టలు ధ్వనిని పీల్చేస్తాయి. పైగా మన ఊరి ఉక్కకు కిటికీలన్నీ బార్లా తెరిచి, ఫ్యాన్లు అయిదు మీద పెడతారు. మోత్సార్ట్ ఈ పాటలో గొంతులకు రాసిన ధ్వని సూచన ‘సొత్తో వోచే’, అంటే అణచిన గొంతుతో అని. పన్నెండు ఫ్యాన్ల హోరులో అణచిన గొంతు ఎవరికి వినిపిస్తుంది? పాస్టరు గారిని ముందే అడిగి, ఆ మూడు నిమిషాలు ముందు వరుస ఫ్యాన్లు ఆపించుకోండి. ఆరాధన క్రమం రాసే కాగితంలోనే ఆ మాట రాయించండి, లేకపోతే మరిచిపోతారు.

ఆరుబయట అయితే లెక్కలన్నీ మారతాయి. రాస్ హిల్ మీది మరియమాత చర్చి ఆవరణలాంటి చోట, హార్బరు గాలికి ఎదురుగా నిలబడి నింపాదైన పాట పాడటమంటే ఉప్పు నీళ్లలో చక్కెర కలపడమే. అక్కడికి వేరే పాట ఎంచుకోండి.

అయిదో అడుగు: శ్రుతి

ఈ పాట డి మేజర్. హార్మోనియం వాయించేవాళ్ల భాషలో రెండు శ్రుతి, శంకరాభరణం. డి మేజర్‌ను విజయానికీ హల్లెలూయలకూ తగిన స్వరస్థానంగా చెప్పాడు పాత జర్మన్ రచయిత షూబార్ట్. హాండెల్ 1741లో కూర్చిన సుప్రసిద్ధ హల్లెలూయా బృందగానం డి మేజరే. దానికి కారణం మాత్రం చాలా లౌకికమైనది: అప్పటి ట్రంపెట్లకు మీటలు లేవు, అవి కొన్ని శ్రుతుల్లోనే మోగేవి, డి వాటిలో ఒకటి. అదే శ్రుతిలో, అదే స్వరాలతో మోత్సార్ట్ గుసగుసలాంటి ప్రార్థన రాశాడు. కాబట్టి ఫలానా శ్రుతికి ఫలానా భావం అని పట్టికలు రాసుకుని కూర్చోకండి. శ్రుతిని నిర్ణయించాల్సింది గొంతులు.

నాలుగు వరుసలకూ విడివిడిగా రెండు విషయాలు చూడండి. అతి పై స్వరం ఏది, అది ఎంతసేపు నిలవాలి? ఎక్కువసేపు తిరిగే ప్రాంతం ఏది? రెండోదే ముఖ్యం. ఒక్క క్షణం పైకి అంటుకుని వచ్చే స్వరం ఎవరినీ చంపదు. గొంతు మారే చోట, అంటే ఛాతీ గొంతు వదిలి తల గొంతు అందుకునే ఆ సన్నని వంతెన మీద, పాట గంటసేపు తచ్చాడితే మాత్రం శ్రుతి దిగిపోతుంది.

దిగిపోతోందా లేదా అనేది అనుమానంతో తేల్చకండి. వాద్యం లేకుండా పాడించి, ఫోనులో రికార్డు చేసి, మొదటి స్వరాన్నీ చివరి స్వరాన్నీ ట్యూనర్ యాప్‌తో చూడండి. మా బృందం మొదట్లో ముప్పావు స్వరం దిగేది. నేను శ్రుతి తగ్గిస్తే సుఖంగా పాడతారనుకున్నాను. తగ్గించాక ఇంకా దిగారు. చివరికి అరస్వరం పెంచి, అంటే రెండున్నర శ్రుతికి తెచ్చి చూస్తే నిలబడ్డారు. ఆ వంతెన మీద నుంచి పాట పక్కకు జరిగింది, అంతే. ఇది అందరికీ పనిచేయదు. అయినా తగ్గించే ముందు పెంచి చూడండి.

పాత హార్మోనియం ఉంటే దాని శ్రుతి నేటి ప్రమాణమైన 440 హెర్ట్జ్‌కు సరిపోతుందో లేదో ముందే చూసుకోండి. కీబోర్డునూ హార్మోనియాన్నీ కలిపి వాయించాలని ఉబలాటపడే సంఘాల్లో ఈ తేడా పళ్లు జివ్వుమనిపిస్తుంది.

ఆరో అడుగు: భావం ఎక్కడ దాగి ఉంది

‘భావంతో పాడండి’ అని చెప్పే నిర్వాహకుడు ఏమీ చెప్పనట్టే. భావం స్వరాల్లో ఒక చోట దాగి ఉంటుంది, దాన్ని వేలు పెట్టి చూపించాలి.

ఈ పాటలో ఆ చోటు ‘కూయుస్ లాతుస్’ దగ్గర, పొడిచిన పక్క గురించి చెప్పే వాక్యంలో. అప్పటిదాకా డి మేజర్, దాని పొరుగున ఉన్న ఎ మేజర్ వెలుగులో నడిచిన పాట అక్కడ ఎఫ్ మేజర్ వైపు మళ్లుతుంది. పాశ్చాత్య పద్ధతిలో చెబితే మా పెద్దవాళ్లకు ఎక్కదు. అందుకని ఇలా చెబుతాను: డి ని షడ్జమంగా పట్టుకోండి. ఇప్పటిదాకా అంతర గాంధారం, ఇప్పుడు సాధారణ గాంధారం. చతుశ్రుతి ధైవతం పోయి శుద్ధ ధైవతం, కాకలి పోయి కైశికి నిషాదం. శంకరాభరణం మీద నటభైరవి నీడ పడింది. ఒక మేఘం అలా వచ్చి కమ్మిందన్నమాట. ఇంత చెప్పాక ఆ గాంధారాన్ని పాడేటప్పుడు ఎవరి ముఖమూ బలవంతంగా ముడుచుకోనక్కరలేదు. ఆ స్వరాన్ని సరిగ్గా దాని స్థానంలో పెడితే చాలు, వినేవాళ్లకు అందుతుంది. కొంచెం పైకి జరిగితే మేఘమూ ఉండదు, వెలుగూ ఉండదు.

ఇక్కడ వేగం తగ్గించాలని ప్రాణం లాగుతుంది. తగ్గించకండి. సాగదీతను పాట చివరి కోసం దాచుకోండి.

తర్వాత ‘ఎస్తో నోబిస్’ దగ్గర, అంటే ఆహారం నీవే కావాలి అనే వాక్యంలో, ఆడవాళ్ల గొంతులు ముందు ఎత్తుకుంటాయి, మగవాళ్లు అదే వాక్యంతో వెంట వస్తారు. ఒకరి ప్రార్థనను ఇంకొకరు అందుకున్నట్టుంటుంది. రెండో వరుస మొదటి వరుస కన్నా గట్టిగా వస్తే ఇద్దరు పోట్లాడుకున్నట్టుంటుంది. మా బాబాయిలకు ఇది నేర్పడమే నా పదమూడేళ్ల తపస్సు.

‘మరణవేళ’ అనే మాట పాటలో చివరిగా రెండోసారి వచ్చినప్పుడు గొంతులు పైకి విప్పారుతాయి. అణచిన గొంతు ఇక్కడ తెరుచుకోవచ్చు. అరుపు అక్కరలేదు, అచ్చు వెడల్పయితే చాలు. ‘మోర్తిస్’ లోని ఓకారాన్ని నోరు నిలువుగా తెరిచి పాడించండి.

పాడేది తెలుగు కీర్తన అయితే

1805లో లండన్ మిషనరీ సొసైటీవాళ్లు విశాఖ వచ్చిన దగ్గర్నుంచి ఈ ఊరి చర్చిల్లో పాశ్చాత్య పాటలున్నాయి. వాటి పక్కనే, పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు కర్ణాటక రాగతాళాల్లో కట్టిన కీర్తనలూ ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. మోత్సార్ట్ ఇవ్వని సమాచారం మనవాళ్లు ఇచ్చారు. అయినా ఆ పంక్తిని ఎవరూ చదవరు. నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే.

మిశ్ర చాపు అని ఉంటే అది ఏడు, మూడూ నాలుగుగా నడుస్తుంది. కీబోర్డులో నాలుగు దెబ్బల రిథమ్ బటన్ నొక్కేసి, ఏడో అక్షరం తర్వాత ఒక దెబ్బ దిక్కులేకుండా వేలాడేలా చేస్తారు. ఆ కుంటి నడకలోనే పాట అందం ఉంది. రిథమ్ ఆపేసి చేతితో తాళం వేయండి.

వేగానికి తెలుగులో ఒక సహజమైన కొలత ఉంది: గురు లఘువులు. ‘సిలువ’ మూడు లఘువులు. వేగం మరీ తగ్గితే అది ‘సీలూవా’ అవుతుంది. ‘కృప’ ‘కృపా’ అవుతుంది. లఘువు లఘువుగా వినిపించే వేగమే ఆ పాటకు కనిష్ఠ వేగం. దానికన్నా కిందికి దిగితే భక్తి పెరగదు, మాట చెడుతుంది.

నాలుగు గొంతుల హార్మొనీ పెట్టే ముందు రాగం చూడండి. శంకరాభరణం అయితే పాశ్చాత్య కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, హాయిగా కూర్చుంటాయి. మాయామాళవగౌళలో రిషభం శుద్ధం కావడం వల్ల పంచమం మీద కట్టే కార్డు విరిగిపోతుంది, మామూలు ముగింపు ఎంత ప్రయత్నించినా కుదరదు. అలాంటి కీర్తనలో బేస్, టెనార్లను షడ్జమ పంచమాల మీద తంబూరలా నిలిపి, సొప్రానోకు రాగం వదిలేయండి. ఆల్టోలు సొప్రానోలతో కలిసి అదే పాట పాడితే సరి.

ఆదివారం ఉదయం

అరగంట ముందు రండి. గొంతులు మేల్కొల్పడానికి నోరు మూసి మెల్లగా హమ్మింగ్ చేయించండి, పై స్వరాల జోలికి వెళ్లకండి. సీ షిఫ్టు దిగి వచ్చినవాళ్లకు గోరువెచ్చని నీళ్లు ఇవ్వండి. ఆరాధన క్రమంలో పాట ఎక్కడ వస్తుందో మళ్లీ చూసుకోండి. ప్రభువు బల్ల వేళ అయితే, జనం లేచి వెళ్లడం ఈ మూడు నిమిషాల్లో పూర్తి కాదు. పాటను రెండోసారి పాడకండి, మిగతా సేపు కీబోర్డు ఒక్కటే మెల్లగా వాయించనివ్వండి. వేగం మరిచిపోకుండా ఉండటానికి, చేయి ఎత్తే ముందు మొదటి వాక్యాన్ని మనసులో మాటలతో సహా ఒకసారి అనుకోండి. అంకె గుర్తు లేకపోయినా మాట గుర్తుంటుంది. మొదటి రెండు బార్లు వాద్యానివే కాబట్టి మీరు అనుకున్న వేగం అక్కడే తేలిపోతుంది, కీబోర్డు కుర్రాడి కళ్లలోకి చూసి మొదలుపెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యంగా కీబోర్డు మీద శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ చూసుకోండి. ఒక క్రిస్మస్ ఉదయం, ముందు రోజు పిల్లల పాట కోసం మూడు మెట్లు పెంచి ఉంచిన సంగతి నేను మరిచిపోయాను. వాద్యం మొదలవగానే సొప్రానోల ముఖాలు పాలిపోవడం చూశాను గానీ, ఎందుకో తెలిసేసరికి మూడో బారు వచ్చేసింది. పెద్దమ్మ ఒకావిడ ఆ పై స్వరం అందుకోవడానికి మునివేళ్ల మీద లేచి నిలబడింది. అప్పటినుంచి కీబోర్డు మీద, తెర పక్కనే, ఒక కాగితం ముక్క అంటించి ఉంటుంది: ‘సున్నా ఉందా?’